విండోస్ 7లో యాప్‌లు ఎందుకు ఆగిపోతున్నాయి? అసలు ఆపేసింది ఎవరు?

మీ ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఒకటి ఉంటే ఈ బాధ మీకు కొత్త కాదు. ఆన్ అవుతుంది, కీబోర్డు బాగానే ఉంది, స్క్రీన్ మీద చిన్న గీత కూడా లేదు. కానీ కొత్త యాప్ ఏదైనా డౌన్‌లోడ్ చేసి డబుల్ క్లిక్ చేస్తే ‘ఈ ప్రోగ్రామ్‌కు విండోస్ 10 లేదా ఆపై వెర్షన్ కావాలి’ అని ఒక బాక్స్ వస్తుంది. కొన్నిసార్లు ఆ బాక్స్ కూడా రాదు. క్లిక్ చేస్తాం, ఏమీ జరగదు, అంతే.

అప్పుడు చాలామంది మొదట తిట్టేది ఆ యాప్ రాసిన డెవలపర్‌నే. ‘మనతో కొత్త పీసీ కొనిపించడానికే ఇదంతా’ అంటారు. నేను కూడా సాఫ్ట్‌వేర్ రాసి బతికేవాడినే కాబట్టి ఆ తిట్లలో కొన్ని నాకూ తగులుతుంటాయి. ఆ కోపంలో న్యాయం లేదని అనను. కాకపోతే చాలాసార్లు అది తప్పు అడ్రస్‌కు వెళ్తోంది. సపోర్ట్ ఆపడం ఒక్కరి నిర్ణయం కాదు. అది ఒక గొలుసు. ఆ గొలుసు ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఎవర్ని ఏం అడగాలో, మన పాత మెషీన్‌తో ఏం చేయాలో రెండూ తేలిపోతాయి. విండోస్ 10 సపోర్ట్ కూడా ముగిసింది కాబట్టి ఈ లెక్క ఇప్పుడు మనందరికీ అవసరమే.

మొదట తేదీలు చూద్దాం

విండోస్ 7 వచ్చింది 2009 అక్టోబర్‌లో. మైక్రోసాఫ్ట్ దానికి మామూలు అప్‌డేట్లు ఆపింది 2020 జనవరి 14న. కంపెనీలు డబ్బు కట్టి తీసుకునే అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు కూడా 2023 జనవరి 10తో అయిపోయాయి. సరిగ్గా అదే రోజు విండోస్ 8.1 సపోర్ట్ కూడా ముగిసింది.

ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. 2023 ఫిబ్రవరిలో వచ్చిన క్రోమ్ 110 విండోస్ 10 ఉంటేనే పనిచేస్తుంది. విండోస్ 7లో నడిచే చివరి క్రోమ్ 109. అదే నెలలో ఎలక్ట్రాన్ 23 వచ్చింది, అది కూడా విండోస్ 7, 8, 8.1ను వదిలేసింది. 2023 ఆగస్టులో వచ్చిన గో 1.21కు విండోస్ 10 తప్పనిసరి. 2024 జనవరి 1 నుంచి స్టీమ్ సపోర్ట్ ఆగింది. 2024 మేలో రస్ట్ 1.78 వచ్చింది. దాని మామూలు విండోస్ టార్గెట్లకు కూడా విండోస్ 10 కనీస అర్హత అయిపోయింది.

ఏడాదిన్నర లోపు ఇన్ని జరిగాయి. వీళ్లంతా కలిసి మాట్లాడుకుని చేసింది కాదు ఇది. పైన మొదటి పేక ముక్క పడింది, మిగతావి వరసగా పడ్డాయి.

ఒక యాప్ కింద ఎన్ని అంతస్తులు?

చాట్ యాప్, కోడ్ ఎడిటర్, మీటింగ్ యాప్ లాంటి చాలా డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు ఎలక్ట్రాన్ మీద తయారవుతున్నాయి. విజువల్ స్టూడియో కోడ్, డిస్కార్డ్, స్లాక్ ఇవన్నీ ఆ కోవలోవే. ఎలక్ట్రాన్ అంటే ఏంటి? సింపుల్‌గా చెప్పాలంటే యాప్‌తో పాటు ఒక పూర్తి బ్రౌజర్‌ను ప్యాక్ చేసి ఇవ్వడం. ఆ బ్రౌజర్ క్రోమియం, అంటే క్రోమ్‌కు పునాది అయిన ఓపెన్ సోర్స్ కోడ్. దానికి నోడ్ జేఎస్ కలుస్తుంది.

ఇప్పుడు కింద నుంచి పైకి లెక్కేయండి. అన్నిటికంటే అడుగున విండోస్. దాని మీద క్రోమియం. క్రోమియం మీద ఎలక్ట్రాన్. ఎలక్ట్రాన్ మీద మీరు వాడే యాప్. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ ప్యాచ్‌లు ఆపింది. దాన్ని చూసి గూగుల్ క్రోమియంలో విండోస్ 7 కోసం ఉన్న కోడ్ తీసేసింది. ఎలక్ట్రాన్ టీమ్‌కు వేరే దారి లేదు. ఎలక్ట్రాన్ మీద యాప్ చేసే ఇద్దరు ముగ్గురి చిన్న టీమ్‌కు అసలే లేదు.

ఆ చిన్న టీమ్ ముందు రెండే దారులు ఉంటాయి. ఒకటి, విండోస్ 7లో పనిచేసిన చివరి వెర్షన్ ఎలక్ట్రాన్ 22 దగ్గరే ఉండిపోవడం. అప్పుడు విండోస్ 7 యూజర్లు హ్యాపీ. కానీ విండోస్ 11 వాడేవాళ్లతో సహా అందరి యాప్ లోపలా ప్యాచ్‌లు రాని పాత బ్రౌజర్ ఉండిపోతుంది. రెండోది, కొత్త ఎలక్ట్రాన్‌కు మారి విండోస్ 7ను వదిలేయడం. కొద్దిమంది కోసం అందర్నీ రిస్క్‌లో పెట్టాలా, లేక అందరి కోసం కొద్దిమందిని వదులుకోవాలా? ఏది ఎంచుకున్నా ఎవరో ఒకరు తిడతారు. దాదాపు అందరూ రెండోదే ఎంచుకుంటారు.

పైథాన్ టీమ్ అయితే దీన్ని రూల్‌గానే రాసిపెట్టింది. కొత్త పైథాన్ వెర్షన్ వచ్చే సమయానికి మైక్రోసాఫ్ట్ ఏ విండోస్‌కు సపోర్ట్ ఇస్తుంటే వాటికే ఆ వెర్షన్ పనిచేస్తుంది. 2020 జనవరిలో విండోస్ 7 అయిపోయింది, 2020 అక్టోబర్‌లో పైథాన్ 3.9 వచ్చింది. అందుకే విండోస్ 7లో నడిచే చివరిది పైథాన్ 3.8. దీని వెనక కుట్రలేమీ లేవు, క్యాలెండర్ అంతే.

ఎర్రర్ బాక్స్ లోపల ఏముంది?

‘సరే, సపోర్ట్ ఆపండి. కానీ పాతదాంట్లో నడవనివ్వొచ్చు కదా, ఎందుకు అడ్డుకుంటారు?’ అని చాలామంది అడుగుతారు. మంచి ప్రశ్న. చాలాసార్లు ఎవరూ కావాలని అడ్డుకోరు. ఆ కోడ్‌కు కావాల్సినది పాత విండోస్‌లో ఉండదు, అంతే.

విండోస్‌లో ఏ ప్రోగ్రామ్ అయినా అన్ని పనులూ తనే చేసుకోదు. ఫైల్ తెరవాలన్నా, టైమ్ తెలుసుకోవాలన్నా, విండో గీయాలన్నా విండోస్‌నే అడుగుతుంది. అలా అడగడానికి ఉన్న ఫంక్షన్లనే ఏపీఐలు అంటాం. అవి డీఎల్ఎల్ ఫైళ్లలో ఉంటాయి. మీ ప్రోగ్రామ్ ఫైల్ లోపల ఒక లిస్టు ఉంటుంది: ‘నాకు ఫలానా డీఎల్ఎల్ నుంచి ఫలానా ఫంక్షన్ కావాలి’ అని. మీరు డబుల్ క్లిక్ చేయగానే విండోస్ ఆ లిస్టు మొత్తం చెక్ చేస్తుంది. అందులో ఒక్కటి దొరక్కపోయినా ప్రోగ్రామ్ మొదలే కాదు. పెళ్లి భోజనంలో వంద ఐటమ్స్‌లో ఒక్క అప్పడం లేదని మొత్తం భోజనమే ఆపేసినట్టన్నమాట.

ఉదాహరణకు పైథాన్ 3.9ని విండోస్ 7లో పెడితే ‘ఏపీఐ-ఎంఎస్-విన్’ అని మొదలయ్యే ఒక డీఎల్ఎల్ కనిపించడం లేదని ఎర్రర్ వస్తుంది. ఫైల్ పాత్‌లను సరిచేసే ఫంక్షన్లు అందులో ఉంటాయి. అవి విండోస్ 8తో వచ్చాయి. గో 1.21, రస్ట్ 1.78 రెండూ ర్యాండమ్ నంబర్ల కోసం ‘ప్రాసెస్ పీఆర్‌ఎన్‌జీ’ అనే ఫంక్షన్‌ను వాడటం మొదలుపెట్టాయి. అది విండోస్ 7లో లేదు. దాంతో ఆ కంపైలర్లతో తయారైన ప్రతి ప్రోగ్రామ్‌కూ, అది నాలుగు లైన్ల కోడ్ అయినా సరే, విండోస్ 7 తలుపు మూసుకుపోయింది. ఆ ప్రోగ్రామ్ రాసినవాడికి ఈ సంగతి తెలియకపోవచ్చు కూడా. అతను చేసిందల్లా కంపైలర్ అప్‌డేట్ చేయడమే.

ఇక్కడో హెచ్చరిక. ఇలాంటి ఎర్రర్ వచ్చినప్పుడు ఆ డీఎల్ఎల్ పేరు సెర్చ్ చేసి ఏదో ఒక సైట్ నుంచి ఫైల్ దించుకుని సిస్టమ్ ఫోల్డర్‌లో పడేయకండి. చాలాసార్లు అది పనిచేయదు. పైగా ఆ ఫైల్‌తో పాటు ఇంకేం వస్తుందో ఎవరికీ తెలియదు.

టెస్టింగ్ అనే ఖర్చు

యూజర్‌కు కనిపించని ఇంకో విషయం టెస్టింగ్. ‘సపోర్ట్ ఉంది’ అని వెబ్‌సైట్లో ఒక లైను రాయాలంటే ప్రతి రిలీజ్‌ను ఆ సిస్టమ్‌లో నడిపి చూడాలి. ప్రింట్ వస్తోందా, ఫాంట్ సరిగ్గా ఉందా, అప్‌డేట్ పడుతోందా అని చూడాలి. ఇప్పుడు ఈ పని చాలావరకు క్లౌడ్‌లో ఆటోమేటిక్‌గా జరుగుతుంది. గిట్‌హబ్ యాక్షన్స్ లాంటి సర్వీసులు ఇచ్చే రెడీమేడ్ మెషీన్లలో కొత్త విండోస్ సర్వర్ వెర్షన్లు ఉంటాయి కానీ విండోస్ 7 ఉండదు. కావాలంటే మనమే ఒక పాత మెషీన్‌ను మేపుకోవాలి.

నేను పనిచేసే టీమ్‌లో ఒక డెస్క్‌టాప్ యాప్ ఉంది. దానికి పాత విండోస్ నుంచి వచ్చే బగ్ రిపోర్టులు తక్కువే, కానీ ఒక్కొక్కటి రోజుల తరబడి కూర్చోబెడుతుంది. ఎందుకంటే ఆ సమస్యకు పరిష్కారం మా కోడ్‌లో ఉండదు. ఎక్కడో ప్రింటర్ డ్రైవర్‌లోనో, గడువు తీరిన సర్టిఫికెట్‌లోనో ఉంటుంది. ఆ డ్రైవర్ చేసిన కంపెనీకి ఫోన్ చేస్తే వాళ్లూ అదే మాట చెప్తారు: ‘ఆ వెర్షన్‌కు సపోర్ట్ లేదండీ.’

మరి కోపం ఎక్కడ న్యాయం?

ఇంతవరకు డెవలపర్ల తరఫున మాట్లాడాను కదా, ఇప్పుడు అటువైపు చూద్దాం. స్టీమ్ సంగతి తీసుకోండి. స్టీమ్ యాప్ లోపల క్రోమ్ భాగం ఉంది, అది పాత విండోస్‌లో పనిచేయదు కాబట్టి మేమూ ఆపుతున్నాం అని వాల్వ్ చెప్పింది. కారణం నిజమే. 2024 జనవరి 1న అందరికీ ఒక్కసారిగా తాళం పడలేదు కూడా. ఇకపై అప్‌డేట్లు రావు, పనిచేస్తుందన్న గ్యారంటీ లేదు అని చెప్పారు.

కానీ వాల్వ్ సొంత గేమ్ పోర్టల్ 2నే చూడండి. అది 2011లో వచ్చింది. విండోస్ ఎక్స్‌పీ, విస్టా, 7లో నడుస్తుందని చెప్పే అమ్మారు. గేమ్ మారలేదు, దాని కోడ్‌కు విండోస్ 7 ఇప్పటికీ చాలు. మారింది ఆ గేమ్‌కు గుమ్మంలా ఉన్న స్టీమ్ యాప్. మీరు డబ్బు పెట్టి కొన్న వస్తువు, ఏ సిస్టమ్ కోసం కొన్నారో అదే సిస్టమ్‌లో, అమ్మినవాడి యాప్ వల్ల ఆగిపోతుంది. ఇక్కడ యూజర్ కోపం నూటికి నూరుపాళ్లు న్యాయం. జీవోజీ లాంటి స్టోర్ గేమ్ ఇన్‌స్టాలర్‌ను మీ చేతికి ఇచ్చేస్తుంది. దాన్ని హార్డ్ డిస్క్‌లో దాచుకుంటే మధ్యలో ఇంకో యాప్‌తో పని ఉండదు.

అంటే గొడవ సపోర్ట్ ఆపడం గురించి కాదు. ఎలా ఆపుతున్నారన్నదే అసలు పాయింట్. మంచిగా ఆపినవాళ్లూ ఉన్నారు.

ఫైర్‌ఫాక్స్ 115 దానికి మంచి ఉదాహరణ. విండోస్ 7, 8, 8.1కు అదే చివరి వెర్షన్, 2023 జూలైలో వచ్చింది. మొజిల్లా కొత్త ఫీచర్లు ఆపింది కానీ సెక్యూరిటీ ప్యాచ్‌లు ఆపలేదు. పాత సిస్టమ్ వాళ్లను ఎక్స్‌టెండెడ్ సపోర్ట్ రిలీజ్ అనే వేరే దారిలోకి మార్చింది. దాన్ని మొదట 2024 సెప్టెంబర్‌తో ముగించాలనుకున్నారు. తర్వాత 2025 మార్చికి, మళ్లీ 2025 సెప్టెంబర్‌కు, ఆపైన 2026 మార్చికి పొడిగించారు. వాడేవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి.

పైథాన్ ప్రపంచంలో ఇంకో మంచి అలవాటు ఉంది. మీ కాలేజీ ల్యాబ్‌లో విండోస్ 7 ఉండి పైథాన్ 3.8 వాడుతున్నారనుకోండి. నమ్‌పై ఇన్‌స్టాల్ చేయమని పిప్‌కు చెప్తే అది లేటెస్ట్ వెర్షన్ తెచ్చి మీ మొహాన ఎర్రర్ కొట్టదు. ప్రతి ప్యాకేజీ ‘నాకు ఈ పైథాన్ వెర్షన్ నుంచి పైకి కావాలి’ అని ముందే రాసిపెడుతుంది. పిప్ అది చదివి, 3.8కు సరిపోయే చివరి నమ్‌పై, అంటే 1.24 సిరీస్‌ను తెచ్చి పెడుతుంది. పాత పైథాన్ ఇన్‌స్టాలర్లు కూడా వాళ్ల సైట్లో అలాగే ఉంటాయి. సపోర్ట్ ఆగింది కానీ మీ పని ఆగలేదు.

ఇక వీఎల్‌సీ 3 ఇప్పటికీ విండోస్ ఎక్స్‌పీలో ప్లే చేస్తుంది. 7-జిప్ విండోస్ 2000లోనూ నడుస్తుంది. వీటి లోపల బ్రౌజర్ లేదు. కింద అంతస్తులు ఎంత తక్కువుంటే అంత ఎక్కువ కాలం నిలబడొచ్చు.

‘నాకేం కాదులే’ అనుకోవచ్చా?

2017 మేలో వచ్చిన వాన్నాక్రై గుర్తుందా? ఫైళ్లన్నీ లాక్ చేసి డబ్బు అడిగిన ర్యాన్సమ్‌వేర్. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయని అప్పట్లో వార్తలొచ్చాయి. దాని మీద ఒక అపోహ ఉంది, ఎక్కువగా దెబ్బతిన్నది ఎక్స్‌పీ అని. నిజానికి ఎక్కువ పడింది విండోస్ 7 మెషీన్లు. అప్పటికి విండోస్ 7కు సపోర్ట్ ఉంది, ఆ లోపానికి ప్యాచ్ రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది. వేసుకోనివాళ్లు దెబ్బతిన్నారు. 2014లోనే సపోర్ట్ ముగిసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ అప్పుడు ప్రత్యేకంగా ఒక ప్యాచ్ ఇచ్చింది. ప్రతిసారీ అలా ఇస్తుందన్న హామీ లేదు.

ప్యాచ్ ఉన్నా వేసుకోనప్పుడే అంత జరిగింది. ప్యాచే రాని సిస్టమ్‌తో నెట్‌లో తిరుగుతూ, అందులోనే బ్యాంకు లాగిన్ అయితే సంగతేంటో మీరే ఆలోచించండి.

అలాగని పాత సిస్టమ్ ఉన్న ప్రతి ఒక్కరూ బద్ధకస్తులేం కాదు. మన ఊళ్లలో డీటీపీ షాపులకు వెళ్లి చూడండి. శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు చేసే చాలామంది ఇప్పటికీ పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు వాడుతున్నారు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, అడోబీ దాని డెవలప్‌మెంట్ ఆపేసింది 2004లో. అను ఫాంట్లలో టైప్ చేసిన మ్యాటర్ యూనికోడ్ కాదు, కాబట్టి కొత్త సాఫ్ట్‌వేర్‌లో నేరుగా తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. ఏళ్ల తరబడి చేసిన ఫైళ్లు, వేళ్లకు అలవాటైన కీబోర్డు, పాత ప్రింటర్ అన్నీ ఆ సెటప్‌కే ముడిపడి ఉంటాయి. ‘అప్‌గ్రేడ్ అవ్వండి’ అని ఒక్క మాటలో చెప్పేస్తే ఆయన షాపు నడవదు.

అలాంటి మెషీన్‌కు మంచి పరిష్కారం ఉంది. దాన్ని నెట్ నుంచి తీసేయండి. టైపింగ్, ప్రింటింగ్ అందులో, మెయిల్, వాట్సాప్ వేరేదాంట్లో. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో మార్చుకోండి, ఆ పెన్‌డ్రైవ్‌ను ముందు కొత్త సిస్టమ్‌లో స్కాన్ చేయండి. ఇన్‌స్టాలర్లు, ఫాంట్లు, డ్రైవర్లు ఇంకో హార్డ్ డిస్క్‌లో కాపీ పెట్టుకోండి. నెట్ లేని మెషీన్‌లో విండోస్ 7 ఉంటే కొంపేం మునగదు.

ఇప్పుడు విండోస్ 10 వంతు

2015 జూలైలో వచ్చిన విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ముగిసింది. ఈసారి చిక్కు పెద్దది. విండోస్ 11కు టీపీఎం 2.0 చిప్, సెక్యూర్ బూట్, ఇంటెల్ అయితే దాదాపుగా 8వ జనరేషన్ నుంచి ప్రాసెసర్ కావాలి. 2016లో కొన్న మంచి ఐ7 ల్యాప్‌టాప్ కూడా ఆ లిస్టులో ఉండదు. విండోస్ 7 రోజుల్లో పాత మెషీన్ మీదే విండోస్ 10 వేసుకుని బయటపడ్డాం. ఇప్పుడు ఆ దారి లేదు.

కానీ కంగారు పడాల్సిన పని లేదు. గొలుసు పై నుంచి కింద దాకా రావడానికి టైమ్ పడుతుందని ముందే చూశాం కదా. మైక్రోసాఫ్ట్ 2020లో మామూలు అప్‌డేట్లు ఆపితే, క్రోమ్ ఆగింది 2023లో. విండోస్ 10లో ఎడ్జ్ బ్రౌజర్‌కు కనీసం 2028 అక్టోబర్ వరకు అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. ఎడ్జ్ కూడా క్రోమియమే కాబట్టి ఇది గమనించాల్సిన తేదీ. ఎన్‌విడియా విండోస్ 10కు గేమ్ రెడీ డ్రైవర్లు 2026 అక్టోబర్ వరకు ఇస్తానంది. 32-బిట్ విండోస్ 10 వాడేవాళ్లు మాత్రం జాగ్రత్త, స్టీమ్ దానికి 2026 జనవరి 1తోనే సపోర్ట్ ఆపింది.

మరి ఏం చేయొచ్చు?

- అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకోండి. ఇంట్లో వాడేవాళ్లకు 2026 అక్టోబర్ 13 వరకు అని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. విండోస్ 10లో 22హెచ్2 వెర్షన్, మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఉండాలి. సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే ఫ్రీ. లేదంటే 1000 రివార్డ్స్ పాయింట్లు, లేదా 30 డాలర్లకు సమానమైన ధర.
- లినక్స్ ట్రై చేయండి. బ్రౌజింగ్, కోడింగ్, సినిమాలకు 4 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్ మీద లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ హాయిగా నడుస్తుంది. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసి, వైఫై, సౌండ్ పనిచేస్తే అప్పుడు ఇన్‌స్టాల్ చేయండి. లినక్స్ అందర్నీ ఎప్పటికీ మోస్తుందనుకోకండి. 2025లో వచ్చిన డెబియన్ 13లో 32-బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ లేదు.
- చివరి వెర్షన్లు ఇప్పుడే దాచుకోండి. మీరు రోజూ వాడే యాప్‌ల ఇన్‌స్టాలర్లను అధికారిక సైట్ల నుంచే దించి పక్కన పెట్టుకోండి. అవసరమైన రోజు వెతికితే దొరక్కపోవచ్చు.
- కమ్యూనిటీ టూల్స్ జాగ్రత్తగా వాడండి. విండోస్ 7లో కొత్త ఏపీఐలు నింపే వీఎక్స్‌కెక్స్, పాత విండోస్‌లో కొత్త క్రోమియం ఇచ్చే సూపర్‌మియం లాంటివి ఉన్నాయి. పని గొప్పదే. కానీ అడుగున ఉన్న విండోస్ లోపాలను అవి పూడ్చలేవు. ప్రయోగాలకు ఓకే, బ్యాంకింగ్‌కు వద్దు.

డెవలపర్లను అడగాల్సినవి

ఎప్పటికీ సపోర్ట్ ఇవ్వమని ఎవర్నీ అడగలేం. 2009 నాటి సిస్టమ్‌కు కొత్త ఫీచర్లు రాలేదని గొడవ చేయడంలో అర్థం లేదు. కానీ నాలుగు విషయాలు గట్టిగా అడగొచ్చు. ఆపేముందు నెలల గడువుతో చెప్పండి. చివరిగా పనిచేసిన వెర్షన్‌ను మీ సైట్లోనే ఉంచండి. పాత సిస్టమ్‌లోకి ఆటో అప్‌డేట్‌తో పనిచేయని వెర్షన్ తోయకండి. ఏమీ చెప్పకుండా క్రాష్ అయ్యే బదులు ‘మీ సిస్టమ్‌కు సరిపోయే వెర్షన్ ఇక్కడుంది’ అని ఒక్క లైను చూపించండి.

ఈ నాలుగింటికీ పెద్ద ఖర్చేం కాదు. పాత ఫైల్‌ను సర్వర్‌లో ఉంచడం, ఒక ఇఫ్ కండిషన్ రాయడం అంతే కదా. ఇది చదివేవాళ్లలో రేపు యాప్‌లు రాయబోయే బీటెక్ స్టూడెంట్లు చాలామందే ఉంటారు. మీ కంపైలర్ వెర్షన్ పెంచే రోజున రిలీజ్ నోట్స్‌లో ‘కనీస అర్హత’ అన్న లైను ఒకసారి చదవండి. అది మారితే, మీ డౌన్‌లోడ్ పేజీలో పాత వెర్షన్ లింక్ తీసేయకండి. దాని కోసం వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఉంటారు.